కిడ్నీకి జబ్బు... మెదడుకు మబ్బు!

డయాలసిస్ చేయించుకుంటున్నవారు మాత్రలు మరిచిపోతే నిర్లక్ష్యం అనుకుంటాం. అడిగినదానికి ఆలస్యంగా బదులిస్తే మొండితనం అనుకుంటాం. చాలామందిలో అది స్వభావం కాదు, జబ్బులో భాగం. కిడ్నీలు పాడైతే మెదడూ మందగిస్తుంది. ఆ సంగతి ఇంటిల్లిపాదికీ తెలిస్తే చేయగలిగింది చాలానే ఉంది.

‘పొద్దున మాత్రలు వేసుకున్నారా?’ అంటే ‘వేసుకున్నా’ అంటారు. డబ్బా తెరిచి చూస్తే ఎక్కడివక్కడే ఉంటాయి. ‘నీళ్లు తక్కువ తాగమన్నారు కదా’ అంటే ‘ఎవరు? ఎప్పుడు?’ అని ఎదురు ప్రశ్న. పది రూపాయలు తక్కువిస్తే ఇట్టే పట్టేసే మనిషి కొట్లో చిల్లర లెక్క చూసుకోలేక అలా నిలబడిపోతారు. అదే పెద్దాయన నలభై ఏళ్ల కిందటి పెళ్లిలో ఎవరు ఎందుకు అలిగారో మాత్రం పూసగుచ్చినట్టు చెబుతారు. దాంతో ఇంట్లోవాళ్లకు ఒళ్లు మండుతుంది. ‘పాతవన్నీ గుర్తుంటాయి కానీ మనం చెప్పింది మాత్రం గుర్తుండదు. కావాలనే చేస్తున్నారు’ అని తేల్చేస్తారు.

వారానికి రెండుసార్లో మూడుసార్లో డయాలసిస్‌కు తిరిగే కుటుంబాల్లో ఇలాంటి మాటలు మామూలే. ఆ మాట పడిన మనిషికి తనకేమవుతోందో తెలియదు, చెప్పుకోవడమూ రాదు. అలా కిడ్నీ జబ్బుకు తోడు ఇంట్లో ఓ మౌనం మొదలవుతుంది.

నూటికి ముగ్గురికే నమోదు

అమెరికాలోని మినియాపొలిస్-సెయింట్ పాల్ ప్రాంతంలో పరిశోధకులు 55 ఏళ్లు దాటిన 374 మంది డయాలసిస్ రోగులను కూర్చోబెట్టి జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, మాట, ఆలోచన వేగం... అన్నీ పరీక్షించారు. 2006లో వెలువడిన ఆ ఫలితాలు వైద్యులనే ఆశ్చర్యపరిచాయి. నూటికి 37 మందిలో లోపం తీవ్రంగా ఉంది. మరో 36 మందిలో ఒక మోస్తరుగా, 14 మందిలో స్వల్పంగా ఉంది. ఏ లోపమూ లేనివారు 13 మందికి మించలేదు.

అంతకంటే ఆలోచించాల్సిన అంకె మరొకటుంది. వీరిలో మెదడు పనితీరు తగ్గిందని అప్పటికే వైద్య రికార్డుల్లో నమోదైనవారు మూడు శాతం కూడా లేరు. అంటే రోజు విడిచి రోజు ఆసుపత్రికి వస్తున్నవారిలోనూ ఆ లోపాన్ని ఎవరూ గుర్తించలేదన్నమాట!

ఇది వయసు పైబడినవారి సమస్య అని కొట్టిపారేయడానికీ లేదు. వయసుతోపాటు ముప్పు పెరిగే మాట నిజమే కానీ, తక్కువ వయసు రోగుల్లోనూ ఆలోచన వేగం తగ్గడాన్ని పరిశోధకులు గమనించారు. మన దగ్గర డయాలసిస్ బెడ్ల మీద కనిపించేవారంతా వృద్ధులు కారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మధుమేహం, బీపీ లేకుండానే నడివయసు రైతులు, కూలీలు కిడ్నీలు పోగొట్టుకుంటున్నారు. 2016లో మొదలైన ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమంతో జిల్లా ఆసుపత్రుల్లో యంత్రాలు వచ్చాయి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది. ప్రాణం నిలిపే ఏర్పాటు ఊరికి దగ్గరైంది. ఆ బతుకులో మతి ఎలా ఉందో అడగడమే ఇంకా అలవాటు కావాలి.

పోయేది జ్ఞాపకం ఒక్కటే కాదు

మతిమరుపు అనగానే మనకు అల్జీమర్స్ గుర్తొస్తుంది. కిడ్నీ రోగుల్లో మార్పు చాలావరకు వేరే తీరులో ఉంటుంది. పాత జ్ఞాపకాలు పెద్దగా చెదరవు. ముందుగా దెబ్బతినేవి ఏకాగ్రత, ఆలోచన వేగం, ఒక పనిని వరుసలో పెట్టుకుని పూర్తిచేసే నేర్పు.

ఆ నేర్పు ఎక్కడ అవసరమో చూడండి. ఏ మాత్ర అన్నంతోపాటు, ఏది పరగడుపున, డయాలసిస్ రోజున బీపీ మాత్ర ఎప్పుడు వేసుకోవాలి, పొద్దుటి నుంచి ఎన్ని గ్లాసుల నీళ్లు తాగాం, ఏ బస్సెక్కితే వేళకు సెంటర్‌కు చేరతాం... కిడ్నీ జబ్బు మనిషికి అప్పజెప్పే పనులన్నీ ఇలాంటివే. ఏ శక్తిని తగ్గిస్తుందో ఆ శక్తితోనే చేయాల్సిన పనులను ఈ జబ్బు నెత్తిన పెడుతుంది. అందుకే పెళ్లి కబుర్లు గుర్తుండటానికీ మాత్రలు మరిచిపోవడానికీ మధ్య వైరుధ్యమేమీ లేదు. రెండూ మెదడు చేసే వేర్వేరు పనులు.

కోమాలోంచి లేచిన పెద్దావిడ

కిడ్నీకీ మెదడుకూ ఉన్న బంధాన్ని డయాలసిస్ యంత్రం పుట్టినప్పుడే ప్రపంచం చూసింది. రెండో ప్రపంచ యుద్ధకాలం. జర్మన్ల ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లోని కాంపెన్ పట్టణంలో విలెమ్ కోల్ఫ్ అనే యువ వైద్యుడు 1943లో ఓ విచిత్రమైన యంత్రం తయారుచేశాడు. మాంసం కూరి సాసేజ్‌లు చేసే సెల్లోఫేన్ గొట్టాన్ని ఓ పీపాకు చుట్టి, ఉప్పునీటి తొట్టిలో తిప్పుతూ, ఆ గొట్టంలోంచి రోగి రక్తాన్ని పంపేవాడు. మొదటి రెండేళ్లలో యంత్రం ఎక్కిన రోగుల్లో దాదాపు అందరూ చనిపోయారు.

1945 సెప్టెంబరులో సోఫియా షాఫ్‌స్టాట్ అనే 67 ఏళ్ల ఆవిడను తీసుకొచ్చారు. కిడ్నీలు పనిచేయక కోమాలో ఉందామె. దాదాపు 11 గంటలపాటు డయాలసిస్ చేశాక కళ్లు తెరిచింది. భర్తకు విడాకులిచ్చేస్తానన్నదే ఆమె నోట వచ్చిన మొదటి మాట అని కోల్ఫ్ తర్వాత రోజుల్లో చెప్పేవాడు. ఆమె మరో ఏడేళ్లు బతికింది.

రక్తంలో మలినాలు పేరుకుంటే తెలివి తప్పుతుంది. వాటిని తీసేస్తే తెలివి, దాంతోపాటు పాత కోపతాపాలూ తిరిగొస్తాయి. అంతవరకు బాగానే ఉంది. మరి క్రమం తప్పకుండా డయాలసిస్ చేయించుకుంటున్నా మబ్బు పూర్తిగా ఎందుకు విడదు?

12 గంటలు... 168 గంటలు

ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలు వారంలో 168 గంటలూ పనిచేస్తాయి. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు చేయించుకున్నా డయాలసిస్ యంత్రం పనిచేసేది 12 గంటలే. రెండుసార్లతో సరిపెట్టుకునేవారికి ఎనిమిదే.

పైగా యంత్రం అన్ని మలినాలనూ తీయలేదు. మనం తిన్న మాంసకృత్తులను పేగుల్లోని బ్యాక్టీరియా విడగొట్టినప్పుడు పుట్టే పదార్థాల నుంచే ఇండాక్సిల్ సల్ఫేట్, పి-క్రెసైల్ సల్ఫేట్ లాంటివి తయారవుతాయి. ఇవి రక్తంలోని అల్బుమిన్ అనే ప్రొటీన్‌ను అంటిపెట్టుకుని తిరుగుతాయి. బస్సులో కూర్చున్న ప్రయాణికుడిలాగన్నమాట. వడపోత పొరలోని సన్న రంధ్రాల్లోంచి బస్సు పట్టదు, ప్రయాణికుడేమో బస్సు దిగడు! అలా మిగిలిపోయే మలినాలు రక్తనాళాలనూ మెదడునూ దెబ్బతీస్తాయని పరిశోధకులు భావిస్తున్నారు.

అసలు కిడ్నీ, మెదడు ఒకే తరహా అవయవాలు. గుండె పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు కిడ్నీలకు వెళ్తుంది. మెదడుకూ ఇంచుమించు అంతే. రెండింటిలోనూ వెంట్రుకకన్నా సన్నని రక్తనాళాలు కోకొల్లలు. ఏళ్ల తరబడి అదుపులేని బీపీ, షుగరు కిడ్నీలోని నాళాలను పాడుచేస్తే మెదడులోని నాళాలను మాత్రం వదిలిపెడతాయా? అందుకే డయాలసిస్ రోగుల మెదడు స్కానింగుల్లో వారికే తెలియకుండా వచ్చిపోయిన చిన్న చిన్న పక్షవాతాల ఆనవాళ్లు తరచూ కనిపిస్తుంటాయి. వీటికి రక్తహీనత, నిద్రలేమి, దిగులు తోడవుతాయి. కొందరిలో మతిమరుపులా కనిపించేది నిజానికి మానసిక కుంగుబాటే కావచ్చు. దానికి వైద్యం ఉంది.

పటిక నేర్పిన పాఠం

1970ల్లో కథ మరింత భయపెట్టింది. అమెరికాలోని డెన్వర్‌లో ఏళ్ల తరబడి డయాలసిస్ చేయించుకుంటున్న కొందరికి ఉన్నట్టుండి మాట తడబడటం మొదలైంది. తర్వాత కండరాలు అదరడం, మూర్ఛ, పూర్తిగా మతి పోవడం, చివరికి మరణం. ఆల్‌ఫ్రే అనే వైద్యుడు, ఆయన సహచరులు 1972లో ఈ జబ్బును వెలుగులోకి తెచ్చారు. చనిపోయినవారి మెదడులో అల్యూమినియం పేరుకుపోయిందని 1976లో వెల్లడించారు.

అల్యూమినియం ఎక్కడినుంచి వచ్చింది? ఒక దారి నీళ్లు. మంచినీటిని తేర్చడానికి పటిక వాడటం మనకూ తెలిసిందే. పటిక అల్యూమినియం లవణమే. తాగే నీళ్లలో అది కాస్త ఉన్నా మన పేగులు చాలావరకు లోపలికి రానివ్వవు. కానీ నాలుగు గంటల డయాలసిస్‌లో దాదాపు 120 లీటర్ల నీరు పలుచని పొర అవతల నుంచి రక్తాన్ని తాకుతూ ప్రవహిస్తుంది. అక్కడ పేగుల కాపలా ఉండదు. రెండో దారి, ఫాస్ఫరస్ తగ్గడానికి అప్పట్లో ఇచ్చిన అల్యూమినియం మందులు.

కారణం తెలిశాక నీటిని ఆర్‌వో పద్ధతిలో శుద్ధిచేయడం మొదలైంది. ఆ మందుల వాడకమూ తగ్గింది. ఆ భయంకరమైన జబ్బు చాలావరకు కనుమరుగైంది. డయాలసిస్ సెంటర్ వెనక గదిలో రొద చేస్తూ కనిపించే ఆర్‌వో ప్లాంటు మెదడుకు కాపలాదారు కూడా. ఆ నీటి పరీక్షలు సమయానికి చేస్తున్నారా అని అడిగే హక్కు ప్రతి రోగికీ ఉంది.

ఆ నాలుగు గంటల్లో...

డయాలసిస్ జరుగుతున్నప్పుడు మెదడులో ఏమవుతుందన్నది ఈమధ్య కాలంలోనే తెలుస్తోంది. నెదర్లాండ్స్ పరిశోధకులు వయసు మళ్లిన 12 మందికి డయాలసిస్ సమయంలో పెట్ స్కానింగ్ చేశారు. మెదడుకు రక్త సరఫరా సగటున 10 శాతం తగ్గినట్టు 2018లో ప్రకటించారు. చూసింది కొద్దిమందినే అయినా, డయాలసిస్ అయ్యాక ‘తల మొద్దుబారినట్టుంది’ అనే రోగుల మాట ఉత్తిది కాదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఒంట్లోంచి నీటిని ఎంత వేగంగా లాగితే బీపీ అంతగా పడిపోతుంది. గంటకు, కిలో బరువుకు 13 మిల్లీలీటర్లు దాటితే ముప్పు పెరుగుతుందని వైద్యులు లెక్కగడతారు. 60 కిలోల మనిషికి నాలుగు గంటల్లో అది సుమారు మూడు లీటర్లు. రెండు డయాలసిస్‌ల మధ్య నాలుగైదు కిలోల నీరు పెంచుకుని వెళితే ఆ వేగం తప్పదు. చారు, మజ్జిగ, పుచ్చకాయ ముక్కలు కూడా నీటి లెక్కలోకే వస్తాయి. ఆవకాయ, అప్పడాలు, ఎండుచేపల్లోని ఉప్పు దాహం పెంచుతుంది. నీళ్లు తగ్గించమని పోరుపెట్టేది గుండె కోసమే కాదు, మెదడు కోసం కూడా!

మొదటిసారి డయాలసిస్‌కు వెళ్లినప్పుడు ‘రెండు గంటలే చేసి పంపేశారేంటి?’ అని చాలామంది అనుమానపడతారు. దానికీ కారణం మెదడే. రక్తంలో యూరియా ఒక్కసారిగా తగ్గితే మెదడులో ఇంకా ఎక్కువగానే ఉంటుంది. ఆ తేడాకు నీరు మెదడులోకి చేరి వాపు వస్తుంది. తలనొప్పి, వాంతులు, తికమక, ఒక్కోసారి మూర్ఛ రావచ్చు. అందుకే మొదట్లో నెమ్మదిగా, కొద్దికొద్దిగా చేస్తారు.

డయాలసిస్ ద్రవాన్ని ఒంటి వేడికన్నా అర డిగ్రీ చల్లగా ఉంచితే మెదడుకు మేలు జరిగిందని బ్రిటన్‌లో 73 మందితో చేసిన ఓ చిన్న అధ్యయనం 2015లో చెప్పింది. కానీ కెనడాలో భారీగా జరిపిన అధ్యయనంలో చల్లని ద్రవంతో గుండె జబ్బు మరణాలు, ఆసుపత్రి పాలవడం తగ్గలేదని 2022లో తేలింది. రోగులకు చలి మాత్రం ఎక్కువైంది. వారానికి ఆరుసార్లు డయాలసిస్ చేసినా ఆలోచనా నేర్పు మెరుగుపడలేదని మరో అధ్యయనం 2013లో చెప్పింది. ఇంట్లోనే పొట్ట ద్వారా చేసుకునే డయాలసిస్‌లో మెదడు కాస్త మెరుగ్గా ఉంటుందని కొన్ని అధ్యయనాలు చెబుతున్నా, మొదటినుంచీ ఆరోగ్యంగా ఉన్నవారే ఆ పద్ధతిని ఎంచుకోవడం దానికి కారణం కావచ్చు. అంటే ఒక్క దెబ్బతో మబ్బు తొలగించే చిట్కా ఏదీ లేదు.

చెప్పాల్సిన వేళ

పైసా ఖర్చు లేని ఉపాయం మాత్రం ఒకటుంది. డయాలసిస్ రోగుల మెదడు రోజంతా ఒకేలా పనిచేయదు. 55 ఏళ్లు దాటిన 28 మందిని వేర్వేరు వేళల్లో పరీక్షించి చూస్తే, డయాలసిస్ జరుగుతున్నప్పుడు వారి పనితీరు అన్నిటికన్నా తక్కువగా ఉంది. డయాలసిస్‌కు కాస్త ముందు, ఆ మర్నాడు మెరుగ్గా ఉంది. 2007లో వెలువడిన ఫలితమిది.

కానీ మన దగ్గర జరిగేదేమిటి? రోగి కదలకుండా దొరికేది బెడ్ మీదే కదా అని వైద్యులు రౌండ్స్‌కు వచ్చేది అప్పుడే. మందులు మార్చేది, ఆహార నియమాలు చెప్పేది, కాగితాల మీద సంతకాలు పెట్టించేది కూడా చాలాచోట్ల అప్పుడే. ఆయన తలూపుతారు. ఇంటికొచ్చాక ‘ఏం చెప్పారు?’ అంటే ‘ఏమో’ అంటారు. ముఖ్యమైన సంగతులు డయాలసిస్ మొదలుకాకముందో, మర్నాడో మాట్లాడాలి. అది కుదరకపోతే కాగితం మీద రాయించుకోవాలి. పొలం అమ్మకం, పిల్ల పెళ్లి సంబంధం లాంటి ఇంటి విషయాలకూ ఇదే సూత్రం.

హఠాత్తుగా తికమకపడితే

నెలల తరబడి నెమ్మదిగా వచ్చే మందగింపు వేరు. నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ హఠాత్తుగా అయోమయంగా మాట్లాడటం వేరు. రెండోది అత్యవసర పరిస్థితి. డయాలసిస్ ఎగ్గొట్టడం, ఇన్ఫెక్షన్, పక్షవాతం, తలకు దెబ్బ తగిలి లోపల రక్తం చేరడం... ఏదైనా కావచ్చు. కిడ్నీలు పనిచేయనివారిలో ఇన్సులిన్ ఎక్కువసేపు నిలిచి ఉంటుంది కాబట్టి షుగరు పడిపోవచ్చు. ముందు గ్లూకోమీటరుతో చూసి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మందులూ కారణం కావచ్చు. నరాల మంటలకు వాడే గాబాపెంటిన్, ప్రీగాబలిన్, కండరాల బిగుతుకు వాడే బాక్లోఫెన్, హెర్పిస్‌కు వాడే ఎసైక్లోవిర్, సెఫిపైమ్ యాంటీబయాటిక్ లాంటివి మామూలుగా కిడ్నీల ద్వారానే బయటికి పోవాలి. ఆ దారి మూసుకుపోయినప్పుడు మామూలు మోతాదే ఎక్కువై మత్తు, తికమక తెస్తుంది. ‘పక్కింటాయనకు పనిచేసింది’ అని మందుల షాపులో కొనేయడం ప్రమాదం. ఎవరు మందు రాసినా ‘డయాలసిస్‌లో ఉన్నారు’ అని ముందే చెప్పాలి.

అడ్డంగా కోస్తే నక్షత్రంలా కనిపించే స్టార్‌ఫ్రూట్‌ను కిడ్నీ రోగులు ముట్టకూడదు. అందులోని కారాంబాక్సిన్ అనే పదార్థాన్ని బ్రెజిల్ శాస్త్రవేత్తలు 2013లో గుర్తించారు. కిడ్నీలు పనిచేయనివారిలో అది ఆగని ఎక్కిళ్లతో మొదలై మూర్ఛకు, ఒక్కోసారి ప్రాణాపాయానికీ దారితీస్తుంది.

ఇంట్లో ఏం చేయొచ్చు?

మొదటిది గుర్తించడం. ‘మోకా’ అనే పరీక్ష ఉంది. గడియారం బొమ్మ గీయించడం, అయిదు మాటలు చెప్పి కాసేపయ్యాక అడగడం లాంటివి ఉంటాయి. పది నిమిషాలు చాలు. తెలుగులోనూ ఉంది. అంతగా చదువుకోనివారికి మార్కులు ఎలాగూ తగ్గుతాయి కాబట్టి ఫలితాన్ని వైద్యులే బేరీజు వేయాలి. ఈ పరీక్షను డయాలసిస్ బెడ్ మీద కాకుండా మరో రోజున చేయించాలి.

రెండోది సరిదిద్దగలిగినవాటిని సరిదిద్దడం. బీపీ, షుగరు అదుపులో ఉండాలి. డయాలసిస్‌ను ఎగ్గొట్టకూడదు. రక్తహీనతను తగ్గించే ఎరిత్రోపాయిటిన్ ఇంజెక్షన్లకు అమెరికాలో 1989లో అనుమతి వచ్చాక రోగుల్లో చురుకుదనం పెరగడాన్ని వైద్యులు చూశారు. అలాగని మోతాదు పెంచితే ఇంకా మంచిదనుకోవద్దు. మధుమేహంతో కిడ్నీలు దెబ్బతిని, ఇంకా డయాలసిస్ దాకా రానివారిలో హిమోగ్లోబిన్‌ను 13 దాకా పెంచాలని చూస్తే పక్షవాతం ముప్పు దాదాపు రెట్టింపైందని 2009లో తేలింది. అందుకే ఇంజెక్షన్లతో 11.5 దాటించకుండా చూస్తారు. నిద్రలో గురక, కాళ్లు పీకడం, ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం ఉంటే దాచకుండా వైద్యులకు చెప్పాలి.

మూడోది పద్ధతి. వారానికి సరిపడా గళ్లున్న మాత్రల డబ్బా, గోడమీద క్యాలెండరు, నీళ్లు కొలిచి పెట్టిన సీసా. ఒకసారికి ఒకే మాట చెప్పడం, చెప్పింది మళ్లీ ఆయనచేతే చెప్పించడం, బదులు వచ్చేదాకా ఆగడం. ఇవి చిన్న పనులే కానీ, మనిషి తన పని తాను చేసుకునే ధైర్యాన్ని నిలబెడతాయి.

కిడ్నీ మార్పిడి విజయవంతమైనవారిలో ఆలోచన వేగం, జ్ఞాపకశక్తి మెరుగుపడినట్టు పలు అధ్యయనాలు చెబుతున్నాయి. అందరిలో, పూర్తిగా కాకపోయినా మబ్బు చాలావరకు విడుతుంది. అర్హత ఉన్నవారు 2013లో హైదరాబాద్‌లో మొదలైన జీవన్‌దాన్ లాంటి పథకాల్లో ముందుగానే పేరు నమోదు చేయించుకోవడం మంచిది. ‘ఆయనకిప్పుడు ఏమీ తెలియడం లేదు, మార్పిడి ఎందుకు?’ అని ఇంట్లోవాళ్లే అనుకోవడం తొందరపాటు. తెలియకపోవడానికి కారణం పాడైన కిడ్నీలే కావచ్చు.

ఇంకొక్క మాట. మతి మందగించిందని తెలియగానే చాలా ఇళ్లలో పెద్దవాళ్లను అడగడం మానేస్తారు. సంతకం పెట్టిస్తారు కానీ సంగతి చెప్పరు. డాక్టరు కూడా పక్కనున్న కొడుకుతోనే మాట్లాడతాడు. నెమ్మదిగా ఆలోచించడం వేరు, ఆలోచించలేకపోవడం వేరు. డయాలసిస్ మర్నాడు పొద్దున్నే టీవీ ఆపి, పక్కన కూర్చుని, ఒక్కో సంగతీ చెప్పి, ‘మీరేమంటారు?’ అని అడిగి చూడండి. జవాబు కాస్త ఆలస్యంగా రావచ్చు. కానీ అది ఆయన జవాబే అవుతుంది.